చప్పుడు లేని కంప్యూటర్లు ఇచ్చట చేయబడును

బోర్డు

ఈ మాటలున్న బోర్డు మా దుకాణం మీద పదకొండేళ్ళు వేలాడింది. తెల్ల రేకు మీద ఎర్ర అక్షరాలు. రాసిన పెయింటరు నిచ్చెన మీద నుంచి ఒకసారి కిందికి చూసి, "తక్కువ సప్పుడు అని రాద్దామా సార్?" అని అడిగాడు. నాకు కోపం వచ్చింది.

"తక్కువ ఏందయ్యా? లేనే లేదు. చెప్పినట్టు రాయి" అన్నాను.

అతను రాశాడు. ఆ రోజు ఆ నిచ్చెన దగ్గరున్న ఇద్దరిలో తెలివైనవాడు పైన ఉన్నాడు.

నా పేరు గంగాధర్. ఆర్మూరులో పాత బస్టాండు దగ్గర ఇరవై ఆరేళ్ళు కంప్యూటర్లు బిగించి అమ్మాను, బాగు చేశాను. అంతకు ముందు ఏడేళ్ళు మోటార్ల వైండింగ్ పని చేశాను. పోయినేడు దుకాణం వదిలేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు ఇప్పటికీ ఇంటికి వచ్చి అడుగుతుంటారు: నీళ్ళ కూలర్ మేలా, గాలి కూలర్ మేలా, ఫ్యాన్లు ఎన్ని పెట్టాలి, ఏది చప్పుడు చేయదు? వీటికి జవాబులు ఫోనులో దొరుకుతాయి. తన పనిలో ఆరితేరిన మనిషి ఎంత మూర్ఖుడు కాగలడో మాత్రం ఫోనులో సరిగ్గా దొరకదు. ఆ విషయంలో నాకు మంచి అనుభవం ఉంది కాబట్టి రాస్తున్నాను.

ఉస్తాద్ స్క్రూడ్రైవర్

నాకు పని నేర్పింది ఖాదర్ ఉస్తాద్. బోరు మోటార్లు, బావి మోటార్లు, పిండి గిర్నీ మోటార్లు అన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. మోటారు విప్పే ముందు ఆయన మూరెడు పొడవున్న స్క్రూడ్రైవర్ తీసేవాడు. మొన మోటారుకు ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు ఆనించి, కళ్ళు మూసుకునేవాడు. బేరింగు పోయిందో, నీళ్ళ మధ్య గాలి పట్టిందో అట్లానే చెప్పేవాడు.

"కాన్ ఝూట్ బోల్తా, హడ్డీ ఝూట్ నై బోల్తీ" అనేవాడు. చెవి అబద్ధమాడుతుంది, ఎముక ఆడదు అని.

పనిలో చేరిన మొదటి ఏడాది దొంకేశ్వర్ రైతు ఒకాయన మోటారును, బాగైందని చూపించే ఉత్సాహంలో, నీళ్ళు లేకుండా తిప్పాను. సీలు కాలిపోయింది. ఉస్తాద్ కొడతాడనుకున్నాను. ఆయన టీ తాగడం పూర్తి చేసి, "పో. ఆయినింటికి పోయి, నేను కాల్చిన అని నీ నోటితోని చెప్పి రా" అన్నాడు. బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడిచి వెళ్ళి చెప్పాను. ఆ రైతు అన్న మాటలు ఇక్కడ రాయలేను. కాని ఆ తర్వాత ఏ మోటారునూ నీళ్ళు లేకుండా తిప్పలేదు.

కంప్యూటర్లు వచ్చాక నేను పెద్దవాణ్ణయ్యాను. హైదరాబాదులో ఆరు నెలల కోర్సు చేసి వచ్చి దుకాణం పెట్టాను. ఉస్తాద్ ఇచ్చిన స్క్రూడ్రైవర్‌ను పెట్టె అడుగుకు తోసి, మెడలో ఐడీ కార్డు వేసుకున్నాను. దుకాణంలో పనిచేసేది నేనొక్కణ్ణే. ఆ కార్డు ఎవరికి చూపించాలనుకున్నానో నాకే తెలియదు.

నీళ్ళు పోయాల్నా?

లిక్విడ్ కూలర్ అంటే మాయ ఏమీ కాదు. ప్రాసెసర్ పని చేస్తుంటే వేడెక్కుతుంది. దాని మీద ఒక రాగి పలక, పలక మీద బొటనవేలంత పంపు. అక్కడి నుంచి రెండు రబ్బరు గొట్టాలు సన్నని రేకుల రేడియేటర్‌కు వెళ్తాయి. లోపలి ద్రవం వేడిని మోసుకుపోతుంది, రేడియేటర్‌కు బిగించిన ఫ్యాన్లు ఆ వేడిని బయటికి ఊదేస్తాయి. కారులో ఉన్నదే ఇక్కడా ఉంది, సైజు చిన్నది.

మొదట్లో దీన్ని చూసిన ప్రతివాళ్ళూ రెండే అడిగేవాళ్ళు. "నీళ్ళు ఎప్పటికప్పుడు పోయాల్నా?" అని ఒకటి. "ఫ్రిజ్జు లెక్క సల్లగుంటదా?" అని రెండోది. పోయనక్కర లేదు, సీలు వేసి వస్తుంది. ఫ్రిజ్జులా చల్లగా ఉండదు కూడా. గది ఎంత వేడిగా ఉంటే కూలర్ అంతకంటే చల్లబరచలేదు. మే నెలలో ఆర్మూరులో మధ్యాహ్నం గదిలో కూర్చున్న మనిషే ఉడికిపోతుంటాడు, పాపం దాన్ని ఏమనగలం? కాని ఈ రెండో జవాబు నేను ఎవరికీ గట్టిగా చెప్పలేదు. "మస్తు సల్లగుంటది" అనేవాణ్ణి.

నేను బిగించిన మొట్టమొదటి లిక్విడ్ కూలర్ బాల్కొండలో ఒక ఫోటో స్టూడియోకు. రాగి పలకకు అడుగున సన్నటి ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. తీసేసి బిగించమని దాని మీదే రాసి ఉంటుంది. నేను చదవలేదు. చదవడం కొత్తవాళ్ళ పని అని అప్పట్లో నా అభిప్రాయం. పొరతోనే బిగించాను. పెళ్ళి ఆల్బమ్ మొదలుపెట్టగానే కంప్యూటర్ వేడెక్కి ఆగిపోయేది. మొదటిసారి వెళ్ళి పవర్ సప్లై మార్చాను. రెండోసారి బాల్కొండ కరెంటును తిట్టి వచ్చాను. మూడోసారి కూలర్ ఊడదీస్తే పొర కనిపించింది. మెల్లగా చొక్కా జేబులో పెట్టుకుని, "వోల్టేజ్ సెట్ చేసిన. ఇగ ఫికర్ లేదు" అన్నాను. స్టూడియో యజమాని నాకు టీ తెప్పించాడు. ఉస్తాద్ ఉంటే అదే బస్సులో నన్ను వెనక్కి పంపేవాడు. ఆయన అప్పటికే లేడు, నేను టీ తాగి వచ్చేశాను.

ఆర్మూర్ ఫిట్టింగ్

మా ఊళ్ళో కంప్యూటర్‌కు అసలు శత్రువు ఎండ కాదు, పసుపు. పంట తీసి ఉడకబెట్టి ఆరబెట్టాక కొమ్ములను పెద్ద డ్రమ్ముల్లో వేసి తిప్పి పాలిష్ చేస్తారు. ఆ రెండు మూడు నెలలు ఊరు మీద సన్నటి పచ్చ దుమ్ము దిగుతూనే ఉంటుంది. మా దుకాణం వెనక ఒక డ్రమ్ము ఏళ్ళ తరబడి తిరిగింది. క్యాబినెట్ విప్పితే లోపల పేరంటం జరిగినట్టుండేది.

రేడియేటర్‌ను మామూలుగా క్యాబినెట్ నెత్తి మీద బిగిస్తారు. నెత్తి మీద రంధ్రాలుంటాయి, వాటిలోంచి దుమ్ము నేరుగా రేకుల మధ్యకు దిగి ముద్ద కడుతుంది. అప్పుడు వేడి పోదు, ఫ్యాన్లు గట్టిగా అరవడం మొదలుపెడతాయి. దీనికి నేనొక ఉపాయం కనిపెట్టాను. నెత్తిని రేకుతో పూర్తిగా మూసేసి, రేడియేటర్‌ను అడుగున బిగించాను. దుమ్ము పై నుంచి కదా పడేది, కింద ఉన్నదానికి ఏమవుతుంది? దీనికి 'ఆర్మూర్ ఫిట్టింగ్' అని పేరు కూడా నేనే పెట్టుకున్నాను. హైదరాబాదు ఇంజనీర్లకు తట్టనిది నాకు తట్టిందని అయిదేళ్ళు తిరిగాను. ఇరవై మంది దాకా ఇళ్ళలో అట్లానే బిగించాను.

మొదటిది మా ఇంట్లోనే పెట్టాను. వచ్చినవాళ్ళకు చూపించడానికి ముందు గదిలో పొద్దంతా నడుస్తూ ఉండేది. నా భార్య గంగమణి మొదటి వారమే, "ఇది ఏడుస్తుంది" అంది.

"మిషన్ ఎందుకు ఏడుస్తది?"

"నాకేం ఎర్క? సన్నగ ఏడుస్తుంది. తలకాయల దూరినట్టు అయితుంది."

"టీవీ సప్పుడు ఇనుకుంట ఇనుకుంట నీ చెవులు గట్లయినయి" అన్నాను. ఆమె మళ్ళీ ఆ మాట అనలేదు. కొన్నాళ్ళకు మధ్యాహ్నాలు చాట పట్టుకుని పక్కింటి వాకిట్లో కూర్చోవడం మొదలుపెట్టింది. ముచ్చట్లకు మరిగిందనుకున్నాను. "సొంతిల్లు గిట్ల ఉండంగ పక్కింట్ల ఏముంది నీకు?" అని అడిగేవాణ్ణి. పప్పు ఏరుకోవడానికి వెలుతురు బాగుంటుంది అనేది.

నస్రీన్

రెండేళ్ళ కింద ఎండాకాలం మొదట్లో నస్రీన్ అనే అమ్మాయి దుకాణానికి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేది, ఆ బడి మూతపడింది. తల్లి మహబూబీ బీడీలు చుడుతుంది. ఆయాసం మనిషి, ఎప్పుడు దవాఖానకు పరుగెత్తాలో తెలియదు కాబట్టి నస్రీన్ ఇల్లు విడిచి దూరం పోలేదు. హైదరాబాదులో పిల్లలకు పాఠాలు రికార్డు చేసే సంస్థ ఒకటి ఇంట్లోంచే పని ఇస్తామంది. తెలుగులో, ఉర్దూలో పాఠాలు చదివి, బొమ్మలు జతచేసి పంపాలి. అయితే ముందు మూడు నమూనా పాఠాలు పంపాలి. మూడింట్లో ఒక్కటైనా నచ్చితేనే పని. మొదటిది వెనక్కి వచ్చింది. గొంతు బాగుంది, వెనక ఏదో మోగుతోంది అని రాశారు. పాత కంప్యూటర్ ఫ్యాను చప్పుడు అది.

"చాచా, బోర్డు మీద రాసింది నిజమేనా?" అని అడిగింది.

"నిజం కాకపోతె రాపిస్తనా బిడ్డా?"

ఆమెకు ఆర్మూర్ ఫిట్టింగ్‌తో కంప్యూటర్ తయారుచేసి ఇచ్చాను. నిజానికి ఆమె పనికి లిక్విడ్ కూలర్ అక్కరే లేదు. మెల్లగా తిరిగే పెద్ద ఫ్యానున్న మామూలు గాలి కూలర్ సరిపోయేది. అప్పుడూ ఆ సంగతి నాకు తెలుసు. కాని నీళ్ళ కూలర్ బిగిస్తే చూడటానికి నా పనితనంలా ఉంటుంది.

వారం తర్వాత ఫోను చేసింది. వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మహబూబీ పొయ్యి పక్కన చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. లోపలి గదిలో నస్రీన్ కిటికీ మూసి, గోడలకు బొంతలు వేలాడదీసింది. రికార్డింగ్ సమయంలో పంకా కూడా ఆపేయాలి. అడుగు పెట్టగానే నా చొక్కా తడిసిపోయింది.

"ఇనండి చాచా. సన్నగ కూస్తుంది. నడుమ నడుమ గుడుగుడుమంటుంది."

కంప్యూటర్ పక్కన చెవి పెట్టి చాలాసేపు విన్నాను. "ఏం ఇనవడ్తలేదు" అన్నాను.

"నాకు మంచిగ ఇనవడ్తుంది."

"ఒక్కపారి రిజెక్ట్ అయినంక గట్లనే అనిపిస్తది. నీ మనసుల ఉంది బిడ్డా, మిషన్ల లేదు. మైకు జర దగ్గరికి పెట్టుకో. నా మాట మీద పంపు."

నస్రీన్ నా మాట మీద రెండో పాఠం పంపింది. అదీ వెనక్కి వచ్చింది.

గీత

నస్రీన్ దుకాణానికి వచ్చింది, కాని నన్ను తిట్టలేదు. తిడితే నాకు తేలికగా ఉండేది, మైకు మీదికో కరెంటు మీదికో తోసేసేవాణ్ణి. ఆడలేక మద్దెల ఓడు అన్నవాడి వంశం మాది. ఆమె నిలబడి, "చాచా, ఒకసారి ఇంటికి రండి. కంప్యూటర్ చూడనీకె కాదు" అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మూడో పాఠం మర్నాడు మధ్యాహ్నం లోపల పంపాలని చెప్పింది. అది కూడా పోతే తనకు మిగిలేది తల్లి చాటే అని ఆమె అనలేదు, నేనే అనుకున్నాను.

లోపలి గదిలో తెర మీద రికార్డింగ్‌ను రంగుల బొమ్మగా తెరిచింది. అలలు అలలుగా ఉన్నదాన్ని చూపించి, "ఇది నా గొంతు" అంది. ఆ అలల పైన, ఈ చివర నుంచి ఆ చివరకు, దారం లాగి కట్టినట్టు ఒక గీత ఉంది. "ఇది మీ కంప్యూటర్."

కళ్ళకు కనిపిస్తున్న చప్పుడు నా చెవికి అందలేదు.

"అమ్మీ, నువ్వు రా. చాచా, మీరు అటు తిరిగి కూసోండి. సప్పుడు ఇనవడ్తె చెయ్యెత్తండి" అంది. బడి పిల్లలకు చెప్పినట్టే చెప్పింది. నేను, మహబూబీ గోడ వైపు తిరిగి పక్కపక్కన కూర్చున్నాం. మొదట బొంగురుగా ఒక శబ్దం వచ్చింది, ఇద్దరం చెయ్యెత్తాం. ఇంకాస్త పైది వచ్చింది, ఎత్తాం. ఆ తర్వాత ఏమీ రాలేదు. చాలాసేపు కూర్చున్నాను.

"ఇంక పెట్టలేదా బిడ్డా?" అన్నాను.

పక్కకు తిరిగి చూస్తే పొగాకు మరకల వేళ్ళతో మహబూబీ చెయ్యి పైకెత్తే ఉంది.

"ఇంతసేపు మోగుతనే ఉంది భాయ్" అంది మెల్లగా.

ఏడేళ్ళు మోటార్లు, ఆ తర్వాత దుకాణం వెనక పసుపు డ్రమ్ము. సన్నటి శబ్దాలు నా చెవుల్లోంచి ఎప్పుడు వెళ్ళిపోయాయో నాకు తెలియదు. చెప్పిపోలేదు. నా కంప్యూటర్లు చప్పుడు చేయకపోవడానికి కారణం ఇన్నేళ్ళకు తెలిసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు కదా, నేను ఆ శంఖాలకు దుకాణమే పెట్టాను.

సిగ్గుతోనే దుకాణానికి వెళ్ళి, పెట్టె అడుగు నుంచి ఉస్తాద్ స్క్రూడ్రైవర్ వెతికి తెచ్చాను. మొన కూలర్ పంపుకు ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు ఆనించి, కళ్ళు మూసుకున్నాను. కూత అప్పుడూ తెలియలేదు. కాని గుడుగుడు ఎముకలోకి వచ్చింది. ఒక్క క్షణంలో గుర్తుపట్టాను. గాలి! దొంకేశ్వర్ బావుల దగ్గర, ముప్కాల్ పొలాల్లో ఎన్నిసార్లు విన్న శబ్దమో.

ఏ కూలర్‌లోనైనా కొంచెం గాలి ఉంటుంది. గాలి ఎప్పుడూ పైకే పోతుంది. రేడియేటర్ పైన ఉంటే ఆ గాలి దాని మూలకు చేరి ఊరుకుంటుంది. నేను రేడియేటర్‌ను అడుగున పెట్టాను కాబట్టి అన్నిటికంటే పైన ఉన్నది పంపు. గాలంతా పంపులో చేరింది. అది నీళ్ళు సరిగ్గా అందక గుడగుడమంటూ, అరిగి కూస్తూ, వేడిని మోయలేక అవస్థపడుతోంది. వేడి పెరిగితే ఫ్యాన్లు కూడా గట్టిగా తిరుగుతాయి. పనితనమూ పోయింది, నిశ్శబ్దమూ పోయింది. బోరు మోటార్లకు గాలి తీసి బతికినవాడు చేయకూడని తప్పు ఇదొక్కటే ఉంది, అదే చేశాను. అందరికీ శకునం చెప్పే బల్లి తాను కుడితిలో పడ్డట్టయింది.

ఉస్తాద్ టీ గ్లాసు పక్కన పెట్టి చూస్తున్నట్టనిపించింది.

"తప్పు నాది బిడ్డా. తలకిందులు బిగించిన. నాకు సప్పుడు ఇనవడదు. ఇనవడదని కూడ నాకు ఎర్క లేకుండె. నీ మనసుల ఉందని అన్న సూడు, అది మస్తు పెద్ద తప్పు" అన్నాను.

నస్రీన్ తెర వైపే చూస్తూ, "ముందుగాల బాగు చెయ్యండి చాచా" అంది.

గోడ అవతల

నెత్తి మీద రేకు ఊడబీకి, రేడియేటర్‌ను పైకి మార్చాను. కంప్యూటర్‌ను నడిపిస్తూ క్యాబినెట్‌ను అటూ ఇటూ వంచి, పంపులోని గాలిని రేడియేటర్‌లోకి ఎక్కించాను. గుడుగుడు పోయింది. నస్రీన్ మళ్ళీ రికార్డు చేసి చూసింది. గీత పలచబడింది కాని పోలేదు. పంపు అప్పటికే అరిగింది. కొత్త కూలర్ హైదరాబాదు నుంచి రావాలంటే రెండు రోజులు. మాకున్నది ఒక పూట.

నేను తల పట్టుకుని కూర్చున్నాను. ముందు గదిలోంచి మహబూబీ అడిగింది. "భాయ్, నాకు తెల్వక అడుగుత. మోటర్‌ను ఎవలన్న ఇంట్ల పెట్టుకుంటరా? బాయి కాడ పెడ్తరు గద?"

నస్రీన్, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇన్నేళ్ళ అనుభవంలో ఈ ముక్క నాకు తట్టలేదు. పొడవాటి వైర్లు దుకాణంలో కట్టలు కట్టలుగా ఉన్నాయి. తెర, మైకు లోపలే ఉంచి, డబ్బాను ముందు గదిలో పెట్టి, తలుపు కింది సందులోంచి వైర్లు లాగితే సరి.

అయితే నస్రీన్ ఒప్పుకోలేదు. "అమ్మీ, నువ్వు దినమంత గాడనే కూసుంటవు. నీకు ఇనవడ్తది."

"ఇనవడనీ తియ్యి. దాని కూత నేనింట. నీ మాట వాళ్ళు ఇనాలె."

నేను వైర్ల చిక్కు తీస్తున్నట్టు తల దించుకున్నాను. ఏడుపు వచ్చింది. ఆ చిక్కు అప్పటికే విడిపోయి ఉంది, అయినా కాసేపు దాన్నే తిప్పుతూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున నస్రీన్ మూడో పాఠం చదివింది. నేను ముందు గదిలో మహబూబీ పక్కన ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఆమె చాట మీద చేతులు ఆపేసి, తన్నుకొస్తున్న దగ్గును కొంగులో నొక్కుకుంది. చదవడం అయ్యాక వెళ్ళి చూస్తే తెర మీద గీత లేదు. నాలుగు రోజులకు పాఠం నచ్చిందని జవాబు వచ్చింది. ఇప్పుడు నస్రీన్ చదివిన పాఠాలు ఏ ఏ ఊళ్ళలో పిల్లలు వింటున్నారో నాకు తెలియదు. ఆ వారమే లిక్విడ్ కూలర్ తీసేసి మామూలు గాలి కూలర్ బిగించాను. మహబూబీ చెవులకు పక్కనే ఆ కూత ఒక్క వారమే తగిలింది, అదైనా నా వల్లే.

తర్వాత ఆర్మూర్ ఫిట్టింగ్ చేసిన ఇళ్ళన్నీ తిరిగాను. "నేను తప్పు బిగించిన" అని ప్రతి గుమ్మంలో చెప్పి, ఒక్కొక్కటే సరిచేశాను. ఆ ఊపులో బాల్కొండ కూడా వెళ్ళి స్టూడియో యజమానికి ప్లాస్టిక్ పొర సంగతి చెప్పాను. ఆయన ఫక్కున నవ్వాడు.

"గా సంగతి నాకు ఆ దినమే ఎర్కనే సార్. పొర నీ జేబుల్నుంచి సగం బయటికి కనవడ్డది. పోనీ పాపమని చాయ్ తెప్పించిన."

ఇక మీకు చెప్పేది

డబ్బా మీద రాసిన చప్పుడు అంకెలు నమ్మకండి. ఏ గదిలో, ఎంత దూరంలో, ఏ వేగం దగ్గర కొలిచారో వాళ్ళు రాయరు. మన ఊరి ఎండలో అదే ఫ్యాను వేరే రకంగా పాడుతుంది. ఎక్కువ మందికి లిక్విడ్ కూలర్ అవసరం లేదు. దాని లైట్లు చూసి కొనేవాళ్ళకు లైట్లు మాత్రమే అమ్మండి, ఇద్దరూ సుఖంగా ఉంటారు. నిజంగా అవసరమైతే రేడియేటర్ పైన బిగించి, సన్నటి జాలీ వేసి, పసుపు నెలల్లో వారానికొకసారి జాలీ దులపమని చెప్పండి. పంపు వేగాన్ని ఊరికే ఎక్కించి దించకండి, మారుతూ ఉండే చప్పుడే చెవికి ఎక్కువ బాధ. నాలుగైదేళ్ళు దాటిన కూలర్‌ను అనుమానించండి, సీలున్నా లోపలి ద్రవం మెల్లగా తరుగుతుంది. ప్లాస్టిక్ పొర తీయండి. రాసింది చదవండి.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడు ఏ దుకాణంలోనైనా ఉంటాడు, మీ దుకాణంలో అది మీరే కావచ్చు. చప్పుడు వినిపిస్తోందని కొనుక్కున్నవాళ్ళు అంటే అది ఉన్నట్టే లెక్క. మీకు వినబడకపోతే ముందు మీ చెవి చూపించుకోండి, తర్వాత వాళ్ళ మనసు గురించి మాట్లాడుదురుగాని.

నేను చూపించుకోవడానికి మాత్రం మరో ఏడాది తాత్సారం చేశాను. బోర్డు దింపి, దుకాణం వదిలేశాక, నిజామాబాదు వెళ్ళి రెండు చెవులకూ మిషన్లు పెట్టించుకున్నాను. తిరుగు బస్సులో కిటికీల గడగడకు ప్రాణం పోయినంత పనైంది. మధ్యాహ్నం ఇల్లు చేరాను. గంగమణి ఇంట్లో లేదు. ముందు గదిలో అడుగు పెట్టగానే చెవిలో దోమ దూరినట్టు సన్నటి కూత.

నా బుద్ధి చూడండి. చెవి మిషన్ చెడిపోయిందనుకున్నాను. తీశాను, కూత ఆగింది. పెట్టాను, మొదలైంది. నాలుగుసార్లు తీసి పెట్టాక గది మూలకు తిరిగి చూశాను. ఊళ్ళో వాళ్ళందరి ఇళ్ళకూ వెళ్ళి సరిచేసి వచ్చినవాణ్ణి, మా ఇంట్లో దాన్ని ముట్టుకోలేదు, ఎప్పట్లా నడుస్తూ వదిలేశాను. నాకు వినబడలేదు కదా, గంగమణి కూడా మళ్ళీ ఎప్పుడూ అనలేదు. ఇది ఏడుస్తుంది అని ఆరేళ్ళ కింద ఒక్కసారి అంది. అప్పుడు నేనిచ్చిన జవాబు గుర్తొచ్చింది.

గోడ దగ్గర స్విచ్ ఆపేశాను. గది ఒక్కసారిగా పెద్దదైనట్టనిపించింది. చెప్పులు వేసుకుని పక్కింటికి వెళ్ళాను. గంగమణి వాకిట్లో కందిపప్పు ఏరుతోంది, పక్కింటి వదినె ఎదురుగా కూర్చుంది. ఉస్తాద్ చెప్పిన పని, నోటితో చెప్పిరావడం. ఆర్మూరంతా తిరిగి చెప్పినవాణ్ణి, ఆ వాకిట్లో చెప్పులు విప్పి మళ్ళీ వేసుకున్నాను.

"మిషన్ ఏడుస్తుంది" అన్నాను చివరికి.

గంగమణి తలెత్తి నా చెవుల వైపు చూసింది. "ఇప్పుడు ఇనవడ్డదా?"

"ఇనవడ్డది. ఆరేండ్లు నిన్ను గోస పెట్టిన. తప్పయింది."

"ఆపినవా?"

"ఆపిన."

ఆమె చాటలో పప్పును గిన్నెలోకి ఒంపుకుని, కొంగు దులుపుకుని లేచింది.

"ఏమే, రేపు రావా?" అంది వదినె.

"రేపట్నుంచి నువ్వే మా ఇంటికి రా వదినా. సప్పుడు లేదు" అంది గంగమణి.